మూడు తరాల పోటీలో నాకొచ్చిన ఒక్క మార్కు

మా ఊరి బడికి టీవీ వచ్చిన ఏడాది నాకు ఇరవై ఏళ్ళు. రాయచూరులో పీయూసీ పాసై, టీచర్ ట్రైనింగుకు అర్జీ పెట్టుకుని, జవాబు కోసం చూస్తూ ఇంట్లో ఉన్నాను. ఊళ్ళో అంతవరకు చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ సంగతి నేను మరిచిపోయినా మా నాయన మరిచిపోనిచ్చేవాడు కాదు. ఎవరింటికి ఉత్తరం వచ్చినా నేనే చదవాలి. అర్జీ రాయాలంటే నేనే. బస్సు మీది బోర్డు కూడా నన్నే చదవమనేవాడు, మా ఊరికి వచ్చే బస్సు ఒక్కటే అయినా.

మాది యాపలదిన్ని దిక్కు మెట్ట ఊరు. జొన్న, వేరుసెనగ, కాస్త పత్తి. వాన పడితే పంట, లేకపోతే లేదు. జిల్లాలో కాలువ పారే ఊళ్ళు వేరు, మా ఊళ్ళు వేరు. అయినా బయటివాళ్ళకు రాయచూరు జిల్లా అంటే కాలువే గుర్తుకొస్తుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

టీవీని ఒక చెక్కపెట్టెలో పెట్టి, దానికి తలుపులు, తాళం పెట్టారు. తాళంచెవి హెడ్మాస్టరు జంధ్యానికి వేలాడేది. బడి మిద్దె మీద ఇనుప జాలీతో చేసిన పెద్ద గొడుగు బోర్లా కాకుండా వెల్లకిలా ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఊరంతా బడి ముందు చాపలు పరుచుకునేది. పెట్టె కన్నడం మాట్లాడేది. మాలో చాలామందికి కన్నడం వచ్చు గానీ, ఆ పెట్టెలోది బెంగళూరు దిక్కు కన్నడం, మా సంతలో వినిపించేది కాదు. అందుకని అందులో ఎవరేమన్నా నేనే పక్కన నిలబడి తెలుగులో చెప్పాలని హెడ్మాస్టరు ఏర్పాటు చేశాడు. జీతం లేని ఉద్యోగం.

అసలు కష్టం మా అవ్వతో. అవ్వ అంటే మా నాయన తల్లి. పెట్టెలో ఎవరైనా బిడ్డకు ఎట్లా నీళ్ళు పోయాలో, ఎరువు ఎప్పుడు చల్లాలో చెప్పారనుకోండి, అవ్వ ఊరుకునేది కాదు. "ఎవలు చెప్పిండ్రు నీకు? నీ అవ్వను అడగలేదా?" అని పెట్టెనే నిలదీసేది. జనం నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు టీవీ చూడ్డానికి కాదు, టీవీతో అవ్వ జగడం చూడ్డానికే వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. టీవీవాళ్ళకు నెలనెలా పంపే రిపోర్టులో హెడ్మాస్టరు ఈ ముచ్చట కూడా రాశాడు. ఫలితంగా ఒకరోజు పొద్దున్నే మా ఇంటి ముందు జీపు ఆగింది.

దిగినవాళ్ళు ముగ్గురు. ముప్పై ఏళ్ళ డైరెక్టరు, చెవుల కింద వరకు పెంచిన వెంట్రుకలు, కింద వెడల్పు పాంటు. కెమెరా ఆయన ఒకడు. మైకు పట్టుకునే అబ్బాయి ఒకడు. హెడ్మాస్టరు వాళ్ళ వెనకే ఉరుకుతూ వచ్చాడు.

డైరెక్టరు చెప్పినదేమంటే, వాళ్ళు నవ్విస్తూ నేర్పే కార్యక్రమం ఒకటి తీస్తున్నారట. ఒకే ఇంట్లో ముసలితరం, నడిమితరం, పడుచుతరం. ముగ్గురినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. ఎవరికి ఎక్కువ తెలుసో చూస్తారు. అవ్వ, నాయన, నేను. తరానికి ఒక్కరే కాబట్టి మా అమ్మకు చోటు లేదు. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి, ఎంతమందికి చాయ్ పెట్టాలో వేళ్ళమీద లెక్క చూసుకుంటోంది.

"నేను ఆడుతానా, తర్జుమా చేస్తానా?" అని అడిగాను.

"రెండూ" అన్నాడు డైరెక్టరు, చాలా సంతోషంగా.

జవాబు తెలిసినవాళ్ళు గంట కొట్టాలట. గంటలు లేవు కాబట్టి మూడు తట్టెలు, మూడు చెంచాలు తెమ్మన్నాడు. కన్నడంలో తట్టె అంటే కంచం. ఆ సంగతి నాయనకు తెలియక కాదు, హడావుడిలో ఉన్నాడు. దొడ్లోకి పోయి, మన్ను మోసే తట్టలు మూడు తెచ్చి, దులిపి, డైరెక్టరు ముందు వరసగా పెట్టాడు. కెమెరా ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి కంచాలు తెచ్చాను. అవ్వ చూసి, "ఉత్త కంచం కొట్టొద్దు. ఇంటికి మంచిది కాదు. నేను కొట్ట" అంది. అరగంట బతిమాలాం. కొట్టలేదు. చివరికి అవ్వ గంట లేకుండానే మాట్లాడవచ్చు అని డైరెక్టరే ఒప్పుకున్నాడు. పోటీ అక్కడే ముగిసిపోయిందని నాకు అప్పుడే అర్థం కావలసింది.

వేపచెట్టు నీడలో మంచం వేసి ముగ్గురం కూర్చున్నాం. హెడ్మాస్టరు పలక మీద మూడు గీతలు గీసి, మార్కులు వేయడానికి బలపం పట్టుకున్నాడు. మొదటి ప్రశ్న, దోమలు గుడ్లు ఎక్కడ పెడతాయి? నేను టక్కున కంచం కొట్టి లేచి నిలబడ్డాను. బళ్ళో అలవాటు. నోరు తెరిచేలోగా అవ్వ, "ఇంకెక్కడ? మనింటెనక మురిక్కాలవల" అంది. అందరూ నవ్వారు. డైరెక్టరు పలక వైపు చెయ్యి చూపి, అవ్వకు ఒక మార్కు అన్నాడు.

"కంచం కొట్టింది నేను కదా సార్" అన్నాను.

"మీరు నెమ్మది" అన్నాడు.

రెండో ప్రశ్న, పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఏమివ్వాలి? ఈసారి అవ్వను అడిగి తీరాలన్నట్టు మైకు ఆమె ముందే పెట్టారు. "గంజిల ఉప్పేసి తాగియ్యాలె" అంది అవ్వ. డైరెక్టరు చేతిలోని కాగితం చూసుకుని, కాదు, కాచిన నీళ్ళలో ఉప్పు, చక్కెర కలపాలి అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అవ్వ అతణ్ణి కింది నుంచి మీదిదాకా చూసింది.

"ఈనకు పిల్లలెంతమందో అడుగు."

"అవ్వా, అట్ల అడగొద్దు."

"అడుగే పిల్లా. నేను ఏడుగుర్ని కన్న, ఊర్ల అర్ధం మందిని సాకిన. ఈన ఎంతమంది ముడ్డి కడిగిండో అడుగు."

డైరెక్టరు నా వైపు తిరిగి, ఏమంటున్నారు అన్నాడు. మీరు మంచి సంగతి చెప్పారని, ఇకమీదట అట్లాగే చేస్తానని అంటోంది సార్, అన్నాను. అప్పుడు కెమెరా వెనక నుంచి తెలుగు వినిపించింది.

"అవ్వ అనిందొకటి, నువ్వు చెప్పిందొకటి గదమ్మా! మాది బళ్ళారే."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. పొద్దుటి నుంచి ఈ మనిషి అన్నీ వింటూనే ఉన్నాడు. అంత తెలుగు వచ్చినవాణ్ణి పక్కన పెట్టుకుని నా చేత తర్జుమా ఎందుకు చేయిస్తున్నారని అడిగితే, కెమెరా చేసేవాడు మాట్లాడకూడదని డైరెక్టరు అన్నాడు. కెమెరా ఆయన అవ్వ అసలు మాటలు అతనికి చెప్పేశాడు. డైరెక్టరు కోప్పడతాడనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. జవాబు తప్పే కానీ బాగుంది, ఇంకో మార్కు వేయండి అన్నాడు. హెడ్మాస్టరు వేశాడు. ఏళ్ళ తరబడి మా చేత ఎక్కాలు తప్పు లేకుండా చెప్పించినవాడు, తప్పు జవాబుకు మార్కు వేశాడు.

మూడోది, వరి నారు ఎన్నాళ్ళకు పీకి నాటాలి? కంచం కొట్టి, ఇరవై ఒక్క రోజులకు, అన్నాను. అదే కాగితంలోనూ ఉంది. నాకు ఒక మార్కు పడింది. అవ్వ నా వైపు తిరిగి, "మనూర్ల వరేడిది? నువ్వు నాటు ఎప్పుడన్న చూసినవా?" అంది. చూడలేదు. పుస్తకంలో చదివాను. మాది మెట్ట ఊరని, ఇక్కడ వరి ప్రశ్నలు పనికిరావని డైరెక్టరుకు చెప్పాను. రాయచూరు జిల్లాయే కదా అన్నాడు.

నాలుగో ప్రశ్నకు కాలువ వచ్చింది. కాలువ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

అప్పటిదాకా నాయన నోరు తెరవలేదు. ఇంట్లోనైనా రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అట్లాంటివాడు కంచాన్ని మూడుసార్లు కొట్టాడు.

"తుంగభద్ర డ్యాం నుంచి" అన్నాడు. డైరెక్టరు సరే అని తరువాతి కాగితం తీశాడు. నాయన ఆగలేదు. "డ్యాం నుంచి వస్తయంటె ఊకెనె వస్తయా? మేం తవ్వితె వచ్చినయ్. జవళగేర కాడ నల్లరాయి పడ్డది. గడ్డపార ఏస్తె నిప్పులు లేచేది. ఎన్ని నెల్లు కొట్టినమో దాన్ని. చేతులు సూడు." రెండు చేతులూ కెమెరా ముందుకు చాపాడు. "నీళ్ళు ఇడిసిన దినం మేం ఆడ లేం. పని అయిపోయింది పొమ్మన్నరు. మా చేనుకు ఇయ్యాల్టికి సుక్క రాలేదు."

నాకు తెలిసి మా నాయన ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పింది అదే మొదలు. యవ్వనంలో కొన్నాళ్ళు కాలువ పనికి పోయాడని మాత్రం విన్నాను. ఆ రాయి సంగతి ఎన్నడూ వినలేదు. ఇంకా చెప్పనిస్తే బాగుండేది. కానీ పక్కన అవ్వ ఉంది.

"నువ్వొక్కనివే తవ్వినట్టు చెప్తున్నవేంది? నేను మొయ్యలేదా మన్ను? నీ పెండ్లాం మొయ్యలేదా? ఈ పిల్ల ఆడనే పుట్టె గదరా, ఆ గుడిసెల."

నేను అవ్వను చూశాను, నాయనను చూశాను. బడి సర్టిఫికెట్లో నేను పుట్టింది మా ఊళ్ళో. పీయూసీ కాగితాల్లోనూ మా ఊళ్ళోనే.

"ఈడనే పుట్టింది" అన్నాడు నాయన.

"బొడ్డు కోసింది నేను. నాకు చెప్తున్నవా?"

"నీకు యాది లేదమ్మా. ఈడనే. ఈ ఇంట్లనే."

"నాకు యాది లేదా? రజాకార్ల గడబిడల ఏ దినం ఏం వండిన్నో చెప్తా, ఇను!"

మైకు అబ్బాయి ఇద్దరి మధ్య మైకును అటూ ఇటూ ఊపుతున్నాడు. డైరెక్టరు నా భుజం తట్టి, ఏమైంది అన్నాడు. కెమెరా ఆయన్ను అడగండి అందామనుకున్నాను. కానీ నోట్లోంచి నిజమే వచ్చింది. నేను ఎక్కడ పుట్టానో తేలడం లేదు సార్, అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. ఇదే చివరి ప్రశ్న అన్నాడు. మీరు ఎక్కడ పుట్టారు? తెలిస్తే కంచం కొట్టండి!

చెంచా పైకెత్తాను. పీయూసీ దాకా అడిగిన ప్రశ్నలన్నిటికీ ఏదో ఒక జవాబు రాసినదాన్ని, దీనికి చెంచా గాలిలోనే ఆగిపోయింది.

"గొత్తిల్ల" అన్నాను. తెలియదు, అని.

కెమెరా అది తీసింది. చాయ్ తాగి, జీపు వెళ్ళిపోయింది.

ఆ తరువాతి నెలన్నర ఇంట్లో ఎట్లా గడిచిందో చెప్పలేను. అన్నం ముందు కూర్చుంటే అదే గొడవ, చేనుకు పోతే అదే. ఈడ అంటాడు నాయన, ఆడ అంటుంది అవ్వ. నేను ఇద్దరినీ విడివిడిగా అడిగి చూశాను. అవ్వ చెప్పేది రోజుకో తీరు. ఒకనాడు వాన కురిసిందంటుంది, ఒకనాడు ఎండకు రాళ్ళు పగిలాయంటుంది. నాయన ఏమీ చెప్పడు, "సర్టిఫికెట్ సూడు" అంటాడు. ఆ సర్టిఫికెట్లో ఊరి పేరు రాయించింది ఆయనే.

ఆఖరికి మా కార్యక్రమం టీవీలో వచ్చే రోజు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. అవ్వ పోటీనాడు కట్టుకున్న చీరే మళ్ళీ కట్టుకుంది, గుర్తుపట్టరేమోనని. మొత్తం ఐదు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు అవ్వే. నాయన "తుంగభద్ర డ్యాం నుంచి" అన్నాడు, వెంటనే తెర మీద కాలువ, వరిచేలు, పాట. రాయి లేదు, చేతులు లేవు. చివరికి నా మొహం పెట్టె నిండా వచ్చింది. చెంచా పైకెత్తి, గొత్తిల్ల. ముసలితరానికి రెండు, నడిమితరానికి ఒకటి, పడుచుతరానికి ఒకటి అని చెప్పి, ఒక వెక్కిరింత సంగీతం వేశారు. నేను ఎక్కడ పుట్టానన్న ప్రశ్నను మాత్రం తీసేశారు. కాబట్టి చూసినవాళ్ళకు ఏదో చిన్న ప్రశ్నకు జవాబు రాక నేను బిక్కమొహం వేసినట్టుంది.

బడి ముందు జనం నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మర్నాటి నుంచి బోరింగు దగ్గరికి బిందె తీసుకుపోతే పిల్లలు వెనకే వచ్చి "గొత్తిల్లక్క" అనేవాళ్ళు. ఉత్తరాలు చదివించుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళు కూడా, ఇది నీకు గొత్తా అని అడిగి మరీ ఇచ్చేవాళ్ళు. ఇంట్లో చూస్తే, తన చెంపలు లోపలికి పోయినట్టు చూపించారని అవ్వ కోపం. రాయి సంగతి కోసేశారని నాయన కోపం. రెండు కోపాలూ నా మీదే. కత్తెర నా చేతిలో ఉన్నట్టు!

ఇక నావల్ల కాక, ఒక పొద్దున రొట్టెలు కొడుతున్న అమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి. నెలన్నరగా అందరినీ అడిగాను, నన్ను కన్న మనిషిని అడగలేదు. ఆమె కూడా తనంతట చెప్పలేదు. అత్తకూ భర్తకూ నడుమ మాట్లాడే అలవాటు ఆమెకు లేదు.

"అమ్మా, నన్ను ఎక్కడ కన్నవే?"

రొట్టె తిప్పి, "కాలువ కాడనే" అంది. "పొద్దుగాల మన్ను మోస్తున్న. నడుము నొచ్చింది. తట్ట దించి గుడిసెలకు పోయిన. సూర్యుడు నెత్తి మీదికి రాకముందే పుట్టినవ్. మీ అవ్వనే బొడ్డు కోసింది. వాన లేదు, ఏం లేదు."

"మరి నాయన ఈడనే అంటడు?"

"మీ నాయన ఆ దినం ఆడ లేడు గద. జొన్నలకని మనూరికి వచ్చిండు. పిల్ల పుట్టిందని ఈడ ఇంట్ల కూసుండి ఇన్నడు. మూడో దినం వచ్చిండు నిన్ను సూడ." ఇంకో ముద్ద తీసుకుంది. "నిన్ను బళ్ళ ఏసినప్పుడు కాలువ మీద పుట్టిందని రాపిస్తె, కూలోళ్ళ పిల్ల అంటరని మనూరి పేరు చెప్పిండు. చెప్పంగ చెప్పంగ అదే నిజమనుకున్నడు."

వినగానే నాకు ఒళ్ళు మండింది. కెమెరా ముందు చేతులు చాపి మేమే తవ్వినం అన్న మనిషి, ఆ తవ్విన చోట పుట్టినందుకు నన్ను దాచాడు. సాయంత్రం నాయన ఎద్దులను కట్టేసి రాగానే మొహం మీదే అడిగేశాను. ఆయన చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు.

"మనకు చేనున్నది. ఆ ఏండ్లు వానల్లేక పోయినం గని, మనం కూలోళ్ళం కాదు" అన్నాడు. తరువాత, "నిన్ను సూసినప్పుడు నీ నెత్తి నిండ ఎర్రమన్నే ఉండె" అన్నాడు.

కోపం ఇంకా పోలేదు. ఆ చోటు చూపించమన్నాను. పోదాం అన్నాడు.

వేరుసెనగ పీకుడు అయ్యాక నలుగురం బయలుదేరాం. రాయచూరులో బస్సు మారి, మాన్వి మీదుగా జవళగేర చేరేసరికి మధ్యాహ్నమైంది. బస్సు దిగగానే నాకు కళ్ళు చెదిరాయి. కనుచూపు మేర పచ్చటి వరి. జీవితంలో మొదటిసారి నాటిన పొలం చూశాను. ఒక మార్కు తెచ్చుకున్నందుకు అప్పుడు సిగ్గేసింది.

కాలువ గట్టు ఎక్కగానే మొదలైంది. గుడిసెలు ఎడమ దిక్కు ఉండేవి అంది అవ్వ. కుడి దిక్కు అన్నాడు నాయన. ఎండలో రెండు మైళ్ళు నడిపించారు, వెనక్కి ఒక మైలు. అమ్మను అడిగితే, "గుడిసెలన్ని ఒక్క తీర్గనే ఉండె. ఇప్పుడేం గుర్తుపడ్త?" అంది. దొరకలేదు. అక్కడ దొరకడానికి ఏముంది, అంతా మడులే.

గట్టు పక్క ఇంట్లోంచి ఒకామె మమ్మల్ని చూసి బయటికి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి పొలం కొనుక్కున్న కుటుంబం. "ఎవరికోసమండీ తిరుగుతున్నారు? ఎండలో ఆ పెద్దావిడ్ని నడిపిస్తున్నారేంటి? రండి, మజ్జిగ తాగుదురు గాని" అంది. అవ్వ నా చెవిలో, "ఈమె తెలుగు పాట పాడినట్టున్నదేంది?" అంది. మజ్జిగ తాగుతూ, కాలువ తవ్విన రోజుల్లో ఇక్కడే ఉన్నామని నాయన చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోయింది. "అవునా అండీ? మిషన్లతో తవ్వేశారనుకున్నాం మేము. మేమొచ్చేసరికే నీళ్ళు పారుతున్నాయి."

అంతే. నాయన చెంబు కింద పెట్టి లేచాడు. ఆమెను, ఆమె భర్తను, పొలంలో పనిచేస్తున్న ఇద్దరిని కూడా గట్టు మీదికి పిలిచాడు. రాయి ఎక్కడ మొదలైంది, ఎన్ని బారల లోతు పోయింది, మందుగుండు పెట్టినప్పుడు ఎంత దూరం పరిగెత్తేవాళ్ళు, అన్నీ. ఒకచోట వంగి, నీళ్ళ అంచున నల్లగా తేలిన బండను చూపించాడు. రాయి మాత్రం నిజంగానే ఉంది. ఆమె భర్త తలపాగా తీసి చంకలో పెట్టుకుని, అడిగిందే మళ్ళీ అడుగుతూ విన్నాడు.

నాలుగు గంటల బస్సు పోతున్న చప్పుడు రోడ్డు మీద వినిపించింది. అవ్వ వాళ్ళ అరుగు మీద నిద్రపోతోంది. నేను, అమ్మ కాలువ మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాం.

"అమ్మా, నువ్వన్న పిలువు. ఇంక ఒక్కటే బస్సున్నది. నాయనకు చెప్పు" అన్నాను విసుగ్గా.

అమ్మ గట్టు వైపు చూసింది. నాయన చేతులు రెండూ వెడల్పుగా చాపి, రాయి ఎంత ఉండేదో కొలిచి చూపుతున్నాడు.

"ఉండనియ్యే, చెప్పుకోనీ" అంది. "ఆ బస్సుకు పోదాం."

ఆ బస్సు నిండా జనం. రాయచూరు దాకా నిలబడే వచ్చాం. దారి పొడవునా నాయన, గుడిసె కుడి దిక్కే అని నాకు చెబుతూనే ఉన్నాడు.